ఇల్లు చూసే కన్ను ఎవరిది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ సామెత పుట్టిన కాలంలో ఇల్లు కట్టుకునేదే గాని కొనుక్కునేది కాదు. పునాది తవ్వుతున్నప్పుడు యజమాని గట్టున నిలబడి చూసేవాడు. రాయి ఏ గుట్ట నుంచి వచ్చిందో, సున్నం ఎన్నాళ్ళు నానిందో, దూలానికి వాడిన కర్ర టేకో మద్దో అతనికి తెలుసు. నేడు పట్టణాల్లో మనం కొనేది ఎవరో, ఎప్పుడో, మన కంటికి కనబడకుండా కట్టిన ఇల్లు. పైన పుట్టీ, ఆ పైన రంగు. లోపల ఏముందో గోడకే తెలియాలి.

పెళ్ళి విషయంలో మనవాళ్ళు ఇంత అమాయకంగా ఉండరు. సంబంధం కలుపుకునేముందు మేనమామను పంపిస్తారు, ఊళ్ళో వాకబు చేయిస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్య మాట ఒక్కటే నమ్మి పిల్లనిచ్చేవాళ్ళు అరుదు. ఇంటి దగ్గరికొచ్చేసరికి దస్తావేజులను లాయరుకు చూపిస్తాం, దిక్కులను వాస్తు సిద్ధాంతికి చూపిస్తాం, ధరను బ్రోకరుకు వదిలేస్తాం. స్లాబును, పిల్లరును, పునాదిని మాత్రం ఎవరికీ చూపించకుండానే జీవితకాలపు సంపాదనను, దాని మీద మరో ఇరవై ఏళ్ళ అప్పును అక్కడ పెట్టి వస్తాం.

ఇంటిని పరీక్షించే మనిషి చరిత్రకు కొత్తవాడేమీ కాదు. వేల ఏళ్ళుగా ఏదో ఒక రూపంలో ఉన్నాడు. రాజు తరఫున చూశాడు, నగరం తరఫున చూశాడు, అప్పిచ్చేవాడి తరఫున చూశాడు. కొనేవాడి తరఫున చూడటం మాత్రం అతను చాలా ఆలస్యంగా, మన తండ్రుల కాలంలో నేర్చుకున్నాడు. ఇల్లు చూపించడానికి ఎవరిని పిలవాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ ఆలస్యంలోనే ఉందని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

పరీక్ష లేని శిక్ష

క్రీ.పూ. 18వ శతాబ్దిలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి చెక్కించిన నల్లరాతి శాసనస్తంభం 1901-02లో సూసా తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. అందులో ఇల్లు కట్టేవాడి గురించి వరుసగా కొన్ని సూత్రాలున్నాయి. కట్టిన ఇల్లు కూలి యజమాని మరణిస్తే, కట్టినవాడికి మరణదండన. యజమాని కొడుకు మరణిస్తే, కట్టినవాడి కొడుకుకు మరణదండన. సామాను నష్టమైతే నష్టం కట్టి, ఇంటిని తన ఖర్చుతో మళ్ళీ కట్టాలి. గోడ ఒరిగితే సొంత డబ్బుతో సరిచేయాలి.

ఈ సూత్రాలు చదివినవాళ్ళు సాధారణంగా వాటి క్రూరత్వం దగ్గర ఆగిపోతారు. నాకు మరొకటి తట్టింది. ఇక్కడ ఇంటిని ఎవరూ పరీక్షించటం లేదు. ఇల్లు కూలేదాకా చట్టం నిద్రపోతుంది, కూలిన తరువాత కత్తి తీస్తుంది. ఆ కత్తి భయమే పరీక్షకుడి పని చేయాలి. కట్టినవాడు అదే ఊళ్ళో ఉంటాడు, పారిపోడు, ఇల్లు చేతులు మారదు అనుకున్న సమాజానికి అది సరిపోయి ఉండవచ్చు. ఇల్లు మూడు చేతులు మారి, కట్టిన మేస్త్రీ ఎవరో ఎవరికీ గుర్తులేని ఊరికి అది పనికిరాదు.

మన గ్రంథాల్లో మన్నూ, హద్దులూ

మన దేశంలో వాస్తు అనగానే నేడు స్ఫురించేది ఈశాన్యం మూలా, వీధిపోటూ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడి బృహత్సంహితలోని వాస్తు ప్రకరణంలో మట్టిని పరీక్షించే పద్ధతి కూడా ఉంది. మూరెడు లోతు గుంట తవ్వి, తీసిన మట్టితోనే దాన్ని పూడ్చాలి. మట్టి చాలకపోతే ఆ నేల పనికిరాదు, సరిపోతే మధ్యమం, మిగిలితే ఉత్తమం. లేదా గుంట నిండా నీళ్ళు పోసి, నూరడుగులు నడిచి తిరిగి రావాలి. నీరు తగ్గకుండా ఉంటే మంచి నేల. వదులుగా ఉన్న మట్టి, నీటిని వెంటనే పీల్చేసే మట్టి బరువును మోయలేవన్న అనుభవజ్ఞానం ఇందులో ఉంది. వాస్తు పేరు చెప్పి తలుపులు మార్పించేవారు ఈ గుంట సంగతి ఎత్తకపోవటం విచారకరం.

అర్థశాస్త్రంలో 'వాస్తు' అన్న మాటకు అర్థం ఇంకా విశాలం. ఇల్లు, పొలం, తోట, చెరువు, కట్ట అన్నీ వాస్తువులే. మూడవ అధికరణంలో వాటి అమ్మకం ఎలా జరగాలో కౌటిల్యుడు చెప్పాడు. కొనే అవకాశం ముందు జ్ఞాతులకు, ఆ తరువాత ఇరుగుపొరుగుకు, ఆపైన అప్పిచ్చినవారికి. అమ్మకం ఆ ఇంటి ముందే, పొరుగువారి సమక్షంలో, గ్రామవృద్ధుల ఎదుట హద్దులు చెప్పి, ముమ్మారు ప్రకటించి జరగాలి. వాస్తు వివాదాలకు పొరుగువారి మాటే ప్రమాణం.

ఎంత బహిరంగమైన అమ్మకమో చూడండి! పొరుగువాడి కన్నా ఆ ఇంటి గుట్టు తెలిసినవాడు ఎవరు? వానాకాలం ఏ గోడ చెమ్మెక్కుతుందో, ఏ దూలానికి చెద పట్టిందో అతనికి తెలుసు. అయినా ఆ ఏర్పాటులో పొరుగువాడు సాక్షి హద్దులకే. గోడ గట్టిదనానికి అతన్ని సాక్ష్యం అడగలేదు. ఆ అలవాటు మనకు ఇంకా పోలేదు. ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ళు వెనక్కి చూపిస్తాం. హద్దుల సంగతి నాలుగు దిక్కులా రాయిస్తాం. ఆ నాలుగు హద్దుల నడుమ నిలబడి ఉన్నదాని ఆరోగ్యం గురించి దస్తావేజులో ఒక్క వాక్యం ఉండదు.

సిసిరో వేసిన ప్రశ్న

అమ్మేవాడు లోపాన్ని చెప్పి తీరాలా? ఈ ప్రశ్నను ఇంటి గురించే సూటిగా వేసినవాడు రోమన్ వక్త సిసిరో. క్రీ.పూ. 44లో, ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు కోసం ధర్మాల గురించి ఒక గ్రంథం రాశాడు. మూడవ భాగంలో ఒక ఉదాహరణ చెబుతాడు. ఒక పెద్దమనిషి ఇల్లు అమ్ముతున్నాడు. ఆ ఇల్లు ఆరోగ్యానికి మంచిది కాదు. పడకగదుల్లో పాములు తిరుగుతాయి. కలప చెడిపోయి కూలటానికి సిద్ధంగా ఉంది. ఈ సంగతులు యజమానికి తప్ప మరెవరికీ తెలియవు. చెప్పకుండా అమ్మి, అనుకున్నదానికన్నా ఎక్కువ ధర రాబట్టుకుంటే అది అధర్మమా?

దీనికి ఇద్దరు స్తోయికు తాత్త్వికుల వాదాలను సిసిరో ఎదురెదురుగా నిలబెట్టాడు. దారి తప్పినవాడికి దారి చూపకపోవటం ఎంత తప్పో ఇదీ అంత తప్పేనంటాడు అంతిపాతెర్. నిన్ను కొనమని ఎవరైనా బలవంతపెట్టారా, నచ్చింది గనుక కొన్నావు, నీ కళ్ళు ఏమయ్యాయి అంటాడు డయోజెనీసు. సిసిరో అంతిపాతెర్ పక్షాన నిలిచాడు.

ఆ వెంటనే అదే గ్రంథంలో నిజంగా జరిగిన ఒక వ్యాజ్యం చెబుతాడు. రోమ్ నగరంలో కేలియన్ గుట్ట మీద క్లౌదియుస్ సెంతుమాలుస్ అనే ఆయనకు ఎత్తయిన ఇల్లుంది. పక్షుల గమనాన్ని బట్టి శకునాలు చెప్పే అధికారులు, ఆ ఎత్తు తమ చూపుకు అడ్డం వస్తున్నది గనుక పైభాగం పడగొట్టమన్నారు. ఆయన పడగొట్టలేదు, ఇంటిని అమ్మకానికి పెట్టాడు. కాల్పూర్నియుస్ లనారియుస్ కొన్నాడు. శకునాధికారులు ఈసారి కొత్త యజమానికి అదే ఆజ్ఞ ఇచ్చారు. అతను పడగొట్టి, ఆ తరువాత ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. వ్యాజ్యం మార్కుస్ కాటో ముందుకు వచ్చింది. తెలిసి దాచినందుకు నష్టం అమ్మినవాడే భరించాలని ఆయన తీర్పు చెప్పాడు.

పైఅంతస్తును పడగొట్టమని నోటీసు వచ్చాక ఇంటిని అమ్మేయటం! రెండు వేల ఏళ్ళ కిందటి కథ. మన పట్టణాల్లో అనుమతి లేని పైఅంతస్తు ఫ్లాటు కొన్నవాళ్ళకు ఇది చరిత్రలా అనిపించదు.

కాటో తీర్పు గొప్పదే. కాని అమ్మినవాడికి 'తెలిసి' ఉండాలి, కొన్నవాడు అది రుజువు చేయాలి. తెలియకపోతే? తెలిసినా తెలియనట్టు నటిస్తే? ఆ సందులోనే తరువాతి కాలపు ఇంగ్లీషు న్యాయం 'కొనేవాడు జాగ్రత్తపడుగాక' అన్న లాటిన్ సూత్రాన్ని నిలబెట్టింది. డయోజెనీసు ఓడినట్టే ఓడి, కోర్టుల్లో నెగ్గాడన్నమాట.

నగరం కన్ను

1666 సెప్టెంబరులో నాలుగు రోజులపాటు లండన్ తగలబడింది. సుమారు 13,200 ఇళ్ళు బూడిదయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన పునర్నిర్మాణ చట్టం ఇళ్ళను నాలుగు తరగతులుగా విడగొట్టింది. సందుల్లో రెండంతస్తులు, వీధుల్లో మూడు, పెద్ద వీధుల్లో నాలుగు. గోడలు ఇటుకతోనో రాతితోనో ఉండాలి, మందం ఇంత ఉండాలి. కొలవటానికి నగరం నియమించిన సర్వేయర్లలో ఒకడు రాబర్ట్ హుక్. స్ప్రింగు సాగుదలకు సూత్రం చెప్పిన ఆ హుక్కే. పునాదుల హద్దులు గుర్తించటం, పొరుగువాళ్ళ తగాదాలు తీర్చటం, గోడలు కొలవటం ఆయన పని. 1774 నాటి మరో చట్టంతో లండన్‌లో ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో సర్వేయర్లు వచ్చారు.

మన మునిసిపాలిటీల ప్లానింగు విభాగాలు ఈ వంశంలోనివే. ఈ కన్ను అవసరమైనది, మేలు చేసినది. కాని అది నగరాన్ని కాపాడే కన్ను. ఈ ఇంటి నిప్పు పక్కింటికి పాకకూడదు, ఈ గోడ వీధిలోకి రాకూడదు. లోపల ఉండబోయేవాడి సుఖదుఃఖాలు దాని లెక్కలో లేవు. హుక్ కాలంలోనే నికొలస్ బార్బన్ అనే వ్యాపారి వరుసలు వరుసలుగా ఇళ్ళు కట్టి అమ్మాడు. మిన్సింగ్ లేన్‌లో అతను కట్టిన ఇళ్ళు నేలమాళిగల కమానులు విరిగి కూలిపోయాయని సమకాలికుడు రోజర్ నార్త్ రాసిపెట్టాడు. చట్టం ఉంది, సర్వేయర్లున్నారు, ఇళ్ళు కూలాయి. అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన ఇల్లు గట్టిదని అనుకోరాదన్న పాఠం అప్పటిది.

అప్పిచ్చేవాడి కన్ను

ఇరవయ్యో శతాబ్దిలో మామూలు జీతగాళ్ళు అప్పు చేసి ఇల్లు కొనటం మొదలయ్యాక మూడో కన్ను తెరుచుకుంది. ఇంగ్లండులో గృహరుణ సంస్థ ఒక సర్వేయరును పంపేది. అతను ఇల్లు చూసి విలువ కట్టేవాడు. రుసుము కొనేవాడే చెల్లించేవాడు. నివేదిక మాత్రం సంస్థకు వెళ్ళేది. అప్పు మంజూరైతే, ఇల్లు బాగుందన్నమాటే అని కొనేవాడు అనుకునేవాడు.

1981లో ఈ అపోహ కోర్టుకెక్కింది. లండన్‌లో దంపతులిద్దరు 15,000 పౌండ్లకు ఇల్లు కొన్నారు. సర్వేయరు దాని విలువ సరిగ్గా అంతేనని, 12,000 అప్పివ్వవచ్చని రాశాడు. కొన్న తరువాత పునాది కుంగి పగుళ్ళు బయటపడ్డాయి. బాగు చేయటానికయ్యే ఖర్చు 18,000 పౌండ్లు, ఇంటి ధర కన్నా ఎక్కువ! నివేదికను వాళ్ళు కళ్ళతో కూడా చూడలేదు. నిన్ను నియమించినది అప్పిచ్చేవాడే అయినా, నీ మాట మీద ఆధారపడేది కొనేవాడని నీకు తెలుసు గనుక నీకు బాధ్యత ఉందని కోర్టు ఆ సర్వేయరుకు చెప్పింది.

1989లో ఇంగ్లండు అత్యున్నత న్యాయపీఠం దాకా వెళ్ళిన మరో వ్యాజ్యం మరింత బోధపరుస్తుంది. నోరిచ్ నగరంలో ఒక సాధారణ గృహిణి చిన్న ఇల్లు కొన్నది. ముఖ్యమైన మరమ్మతులేవీ అక్కర్లేదన్నది నివేదిక. ఆ ఇంట్లో కింద పొగగొట్టపు గూడును ఎవరో అంతకుముందే తొలగించారు. సర్వేయరు దాన్ని గమనించాడు. కింది ఆధారం పోతే పైన మిగిలిన ఇటుకల కట్టు దేని మీద నిలిచి ఉందో మాత్రం అతను ఎక్కి చూడలేదు. ఏడాదిన్నర తరువాత ఆ ఇటుకలు పైకప్పు చీల్చుకుని పడకగదిలో పడ్డాయి. 'మాకు బాధ్యత లేదు' అని నివేదికలో అచ్చువేసిన వాక్యం చెల్లదని న్యాయమూర్తులు తీర్పు చెప్పారు.

గమనించండి. ఈ రెండు కథల్లోనూ డబ్బు చెల్లించింది కొనేవాడే. అయినా ఆ కన్ను అతనిది కాలేదు. కూలి ఎవరిచ్చారన్నది ఒక్కటే చాలదు, జవాబు ఎవరికి చెప్పుకోవాలన్నది అంతకన్నా ముఖ్యం. దీనికి ఎదురు ఉదాహరణ స్కాట్లండు. అక్కడ 2008 డిసెంబరు నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేవాడే అర్హుడైన సర్వేయరు చేత పరీక్ష చేయించి, ఆ నివేదికను కొనేవాళ్ళకు చూపాలి. డబ్బు అమ్మేవాడిది, బాధ్యత మాత్రం కొనేవాడి పట్ల కూడా. చట్టం గట్టిగా ఉన్నచోట అది సాధ్యం. చట్టం మౌనంగా ఉన్నచోట ఆ బాధ్యతను మనమే రాయించుకోవాలి.

మన బ్యాంకులు పంపే వాల్యూయరు ఈ మూడో కన్ను సంతానమే. అప్పు తీరకపోతే వేలంలో ఎంత వస్తుందన్నది అతని లెక్క. ఆ లెక్కలో మీ స్నానాల గది కింద కారే నీటికి చోటు తక్కువ.

కొనేవాడి కన్ను

కొనేవాడి మనిషి వృత్తిగా స్థిరపడింది అమెరికాలో. 'అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్స్పెక్టర్స్' 1976లో ఏర్పడింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో డయాబ్లో అనే ఊళ్ళో ఒక ఇల్లు 1,70,000 డాలర్లకు అమ్ముడయింది. ఎకరం స్థలం, ఈత కొలను, అతిథిగృహం. కొంతకాలానికే నేల జారింది, ఇల్లు దెబ్బతింది. సరిగా దిమ్మిస చేయకుండా పోసిన మట్టి మీద కట్టిన ఇల్లది. అంతకుముందే నేల జారిన సంగతి అమ్మినవారు చెప్పలేదు. బ్రోకర్లలో ఒకరు అతిథిగృహం నేల ఎగుడుదిగుడుగా ఉందని, మరొకరు వాలు మీద మట్టి జారకుండా వల పరిచి ఉందని చూసినవారే. 1984లో అప్పీలు కోర్టు, బ్రోకరు కూడా ఇంటిని శ్రద్ధగా చూసి, కనబడినది చెప్పాలన్నది. మరుసటి ఏడాది అది రాష్ట్ర చట్టమైంది.

ఆ తీర్పుతో బ్రోకర్లకు భయం పుట్టింది. కొనేవాళ్ళను 'మీరే ఒక ఇన్స్పెక్టరును పెట్టుకోండి' అనటం వాళ్ళకూ క్షేమమైంది. వృత్తి పెరిగింది. దానితోపాటే కొత్త జబ్బు వచ్చింది. ఇన్స్పెక్టరు పేరు చెప్పేది బ్రోకరే. అమ్మకం చెడగొట్టే ఇన్స్పెక్టరును బ్రోకరు రెండోసారి పిలుస్తాడా? పేరయ్య చెప్పిన మనిషినే పంపి పేరయ్య తెచ్చిన సంబంధం వాకబు చేయించినట్టు!

ఈ జబ్బుకు ఆ వృత్తి, ఆ చట్టాలు కనిపెట్టిన మందులు మనం గుర్తుంచుకోదగినవి. అమ్మకం జరిగితేనే రుసుము అన్న ఒప్పందానికి ఇన్స్పెక్టరు అంగీకరించరాదన్నది ఆ సంఘం నీతినియమావళి. తనకు పని తెచ్చిపెట్టినందుకు బ్రోకరుకు ప్రతిఫలం ముట్టజెప్పరాదన్నది మరొకటి. తాను పరీక్షించిన ఇంటికి పన్నెండు నెలలలోపు తానే డబ్బు తీసుకుని మరమ్మతులు చేయరాదన్నది కాలిఫోర్నియా చట్టం. లేని జబ్బు చెప్పి మందు అమ్ముకునే వీలు లేదన్నమాట. మసాచుసెట్స్‌లో అమ్మేవాడి బ్రోకరు ఫలానా ఇన్స్పెక్టరు అని పేరు చెప్పకూడదు, లైసెన్సు ఉన్నవాళ్ళ పూర్తి జాబితా మాత్రం ఇవ్వవచ్చు.

ఇంత చేసినా, కరోనా కాలంలో ఇళ్ళకు పోటీ పెరిగినప్పుడు ఎందరో కొనుగోలుదారులు పరీక్ష హక్కును తామే వదులుకున్నారు. పరీక్ష అక్కర్లేదన్నవాడికే అమ్మేవాడు ఇల్లిచ్చాడు. మసాచుసెట్స్ 2024లో చేసిన చట్టం అలాంటి షరతును నిషేధించింది. కొనేవాడి కన్ను ఆలస్యంగా తెరుచుకున్నదే కాదు, సులభంగా మూతపడేది కూడా.

మన సంగతి

మన చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, 'సాధారణ జాగ్రత్త'తో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. అంతిపాతెర్, డయోజెనీసు ఇద్దరూ ఒకే వాక్యంలో కూర్చున్నారిక్కడ. సాధారణ జాగ్రత్తతో కనబడేదైతే నష్టం కొన్నవాడిదే. పెచ్చులూడిన స్లాబును మీరు తలెత్తి చూడకపోతే తప్పు మీదే.

2016 నాటి స్థిరాస్తి చట్టం, మన వాడుకలో 'రెరా', దీనికి కొంత బలం చేకూర్చింది. ఇల్లు స్వాధీనమైన నాటి నుంచి అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడి, ఆ సంగతి తెలియజేస్తే, బిల్డరు ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అది బిల్డరు అమ్మిన కొత్త ఇళ్ళ సంగతి. పదిహేనేళ్ళ నాటి ఫ్లాటును మరొకరి నుంచి కొనేవాడికి ఇప్పటికీ దిక్కు 1882 చట్టమే. అతని తరఫున ఇల్లు చూసేవాడికి మన దేశంలో ప్రత్యేకమైన లైసెన్సు లేదు. ఎవరైనా కార్డు అచ్చు వేయించుకోవచ్చు.

ఇది చిన్న విషయం కాదని 2001 జనవరి 26 నేర్పింది. భుజ్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో పదులకొద్దీ అపార్టుమెంట్లు కూలి, వందలమంది మరణించారు. కూలినవాటిలో చాలావాటికి కింద కార్ల కోసం ఖాళీగా వదిలిన అంతస్తు ఉంది. పైన గోడలతో బరువైన అంతస్తులు, కింద ఉత్త పిల్లర్లు. 2002లో సవరించిన భూకంప ప్రమాణాల్లో అలాంటి కింది అంతస్తు పిల్లర్లను ప్రత్యేకంగా బలపరచాలన్న నిబంధన చేరింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ కాలనీల్లోని పాత అపార్టుమెంట్లను ఒకసారి తలచుకోండి. నమూనా అదే. ఆ ఇళ్ళు కొనేవాళ్ళలో ఎంతమంది అవి ఏ ఏడాది డిజైను చేసినవో అడుగుతున్నారు?

ఇక్కడే ఒక వింత. అమెరికాలో స్థిరపడిన తెలుగువాడు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనేటప్పుడు ఇన్స్పెక్టరు వెంట మూడు గంటలు తిరుగుతాడు. అటక మీది చెక్కలను కూడా ఫొటో తీయిస్తాడు. అదే మనిషి అమ్మానాన్నల కోసం హైదరాబాదులో ఫ్లాటును వీడియోలో చూసి బయానా పంపిస్తాడు.

ఎవరిని పిలవాలి?

చరిత్ర నేర్పిన పాఠాన్ని మన ఊళ్ళకు వర్తింపజేస్తే ఇలా తేలుతుంది.

మొదటిది విద్య. సివిల్ ఇంజనీరింగు చదివి, కట్టడాల బలంలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి. మునిసిపాలిటీలో నమోదై ఉంటే మరీ మంచిది. తాపీ మేస్త్రీ అనుభవం విలువైనదే. ఇల్లు కట్టగలగటం వేరు, కట్టిన ఇంటి రోగం చెప్పగలగటం వేరు. అతను పాత కట్టడాలను పరీక్షించి రాసిన నివేదిక ఒకటి, పేర్లు కొట్టేసైనా సరే, చూపమనండి. రెండు పేజీల్లో 'బాగుంది' అని రాసేవాడెవరో, ప్రతి పగులుకూ ఫొటో, కారణం, తీవ్రత రాసేవాడెవరో అక్కడే తెలిసిపోతుంది.

రెండవది విధేయత. అతని పేరు బ్రోకరు నుంచి గాని, అమ్మేవాడి నుంచి గాని రాకూడదు. రుసుము ముందే నిర్ణయం కావాలి, అమ్మకంతో దానికి ముడి ఉండకూడదు. నివేదిక మీ పేరున, సంతకంతో, తేదీతో మీ చేతికే రావాలి. మరమ్మతుల కాంట్రాక్టు అతనికి ఇవ్వబోమని మొదటే చెప్పండి. ఆ మాట విని మొహం ముడుచుకునేవాడితో మీకు పని లేదు.

మూడవది హద్దులు. ఏమేమి చూస్తావు అన్నదానికన్నా ఏమేమి చూడవు అన్న ప్రశ్నకు జవాబు ముఖ్యం. నోరిచ్ ఇంట్లో ఇటుకలు పడింది అక్కడి నుంచే. పైఅంతస్తు స్లాబు అడుగుభాగం, స్నానాల గదుల కింది కప్పు, నీళ్ళ ట్యాంకు, సెల్లారు పిల్లర్ల అడుగులు, కొత్తగా ఒక్కచోటే రంగు వేసిన గోడ, ఇవన్నీ చూడాలి. మంజూరైన ప్లానును పక్కన పెట్టుకుని అంతస్తులు లెక్కపెట్టాలి. సెంతుమాలుస్ కథ మరువరాదు కదా. అనుమానం వస్తే పరికరాలున్నాయి. స్ప్రింగు సుత్తిని కాంక్రీటుకు తాకించి అది ఎంత వెనక్కి ఎగిరిందో చూస్తారు. ధ్వనితరంగాలను పంపి లోపలి బోలును పసిగడతారు. కొద్దిగా చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లితే, క్షారగుణం మిగిలి ఉన్నచోట గులాబిరంగు వస్తుంది. రంగు రానిచోట లోపలి ఇనుప ఊచలకు రక్షణ తగ్గిందన్నమాట. ఈ పరికరాల అంకెలను చదవటానికి కూడా అనుభవం కావాలి, ఒక్క పరీక్ష చూసి తీర్పు చెప్పేవాణ్ణి నమ్మరాదు.

నాలుగవది సమయం. బయానా ఇవ్వకముందే పరీక్ష జరగాలి. అది కుదరకపోతే, నివేదికలో ముఖ్యమైన లోపం తేలితే బయానా తిరిగివ్వాలన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి. వానాకాలంలో చూడగలిగితే అదృష్టం. వానను మించిన ఇన్స్పెక్టరు లేడు. అతను ఇల్లు చూస్తున్నంతసేపూ మీరు వెంట ఉండండి. నివేదికలో రాయని మాటలు చాలా ఆ నడకలో దొర్లుతాయి. కౌటిల్యుడి పద్ధతిలో పొరుగువారినీ పలకరించండి. ఈసారి హద్దుల గురించి కాక, కిందటి వానల గురించి అడగండి.

హమ్మురాబి కత్తి మనకు వద్దు. ఇల్లు కూలాక ఎవరిని శిక్షించినా అందులో ఉన్నవాళ్ళు తిరిగిరారు. లాయరుకు, సిద్ధాంతికి, బ్రోకరుకు, రిజిస్ట్రేషనుకు ఇచ్చేదాని పక్కన ఒక ఇంజనీరు రుసుము ఏపాటిది? ఈ సంగతిలో అనుభవం ఉన్నవారు, ముఖ్యంగా మన ఊళ్ళలో పాత ఇల్లు కొనేముందు ఇంజనీరుకు చూపించినవారు, తాము ఏం అడిగారో, అతను ఏం చెప్పాడో రాస్తే, ఇల్లు వెతుక్కుంటున్న మిగతా మిత్రులకు మేలు చేసినవారవుతారు.